మడమ నొప్పికి అల్ట్రాసౌండ్: వేలితో మొదలుపెట్టి ప్రోబ్‌తో తేల్చుకునే పద్ధతి

మడమ నొప్పికి అల్ట్రాసౌండ్ ఏ వరసలో చెయ్యాలి, ఎక్కడ కొలవాలి అని జూనియర్ డాక్టర్లు అడుగుతూనే ఉన్నారు. స్కాన్ చేయించుకున్నవాళ్లేమో రిపోర్టు పట్టుకొచ్చి "ఇందులో 5 మిల్లీమీటర్లని రాశారు, అది ఎక్కువా డాక్టర్ గారూ?" అంటారు. ఈ మార్గదర్శి ముఖ్యంగా ప్రోబ్ (చర్మం మీద ఆనించి బొమ్మ తీసే అల్ట్రాసౌండ్ పరికరం) పట్టుకునే డాక్టర్ల కోసం రాశాను. పేషెంట్లు చదివినా తమ స్కాన్ సరిగా జరిగిందో లేదో తెలుసుకోవచ్చు.

ఒక మాట మొదటే చెప్పాలి. మన ఊళ్లలో మడమ నొప్పి అనగానే ఎక్స్‌రే తీస్తారు, "ఎముక పెరిగింది" అంటారు. ఆ మాట విన్నవాళ్లు ఎముక కాల్లోకి మేకులా దిగుతోందని ఏళ్ల తరబడి భయపడతారు. నొప్పి అస్సలు లేని ఎన్నో మడమల్లోనూ ఆ ఎముక మొన కనిపిస్తుంది. నొప్పికి కారణం ఎక్కువసార్లు దాని పక్కనుండే మెత్తటి కణజాలంలో ఉంటుంది. ఎక్స్‌రేలో అది కనపడదు, అల్ట్రాసౌండ్‌లో కనపడుతుంది.

1. అసలు స్కాన్ అవసరమా?

పొద్దున మంచం దిగి తొలి అడుగు వెయ్యగానే మడమ కింద, లోపలి వైపు పొడిచినట్టు నొప్పి. పది అడుగులు నడిస్తే తగ్గుతుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ వస్తుంది. ఈ కథ విన్నాక ప్లాంటర్ ఫేషియైటిస్ (మడమ ఎముక నుంచి వేళ్ల వైపు సాగే అరికాలి పట్టీ, అంటే ప్లాంటర్ ఫేషియా, జబ్బు పడటం) అనుకోవడానికి స్కాన్ అక్కర్లేదు. పిక్క, అరికాలు సాగదీసే వ్యాయామాలు, మెత్తటి మడమ ఉన్న చెప్పులు, ఇంట్లో గ్రానైట్ మీద ఒట్టికాళ్లతో తిరగడం మానడం చెప్పి ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి.

స్కాన్ చెయ్యాల్సిన సందర్భాలు:

- పైవన్నీ శ్రద్ధగా చేసినా నొప్పి తగ్గకపోవడం
- మడమలో ఇంజెక్షన్ వెయ్యాలని ఆలోచిస్తున్నప్పుడు (చూడకుండా వెయ్యకండి)
- నొప్పి మడమ మధ్యలోనో, వెనకో, చీలమండ లోపలి వైపో ఉండటం
- అరికాల్లో గడ్డ చేతికి తగలడం
- ముల్లు గుచ్చుకుని పూర్తిగా వచ్చిందో లేదో తెలియకపోవడం
- నడుస్తుంటే ఏదో తెగినట్టై, అరికాలు కమిలి వాయడం
- చిన్న వయసులో రెండు మడమలూ నొప్పి, దానికి తోడు పొద్దున అరగంటకి పైగా నడుము పట్టేయడం

ఎత్తు నుంచి పడినవాళ్లకి ముందు ఎక్స్‌రే తియ్యండి. షుగర్ ఉండి కాలికి పుండు, ఎర్రదనం, జ్వరం ఉంటే స్కాన్ వంతు కోసం కూర్చోబెట్టకుండా వెంటనే సర్జన్‌కి చూపించండి.

2. ప్రోబ్ కంటే ముందు బొటనవేలు

ఈ పని రెండు నిమిషాలే పడుతుంది. ఇది మానేస్తే ఆ తర్వాత ఇరవై నిమిషాల స్కాన్ కూడా దారి తప్పుతుంది. కాలు పట్టుకుని, బొటనవేలితో గట్టిగా నొక్కుతూ ఈ చోట్లన్నీ వెతకండి:

- మడమ కింద లోపలి అంచు, అరికాలి వంపు మొదలయ్యే చోటు: ప్లాంటర్ ఫేషియా
- మడమ నట్టనడుమ: కొవ్వు దిండు
- మడమని రెండు పక్కల నుంచి అరచేతులతో అదిమితే నొప్పి: ఎముకలో సన్నటి పగులు
- మడమ వెనక, చెప్పు పట్టీ ఒరుసుకునే చోటు: అకిలిస్ టెండన్ (పిక్క కండని మడమ ఎముకకి కలిపే పట్టీ), దాని కింద ఒరిపిడి తగ్గించే తిత్తి
- చీలమండ లోపలి గిలక కింద తడితే అరికాలికి తిమ్మిరి, మంట పాకడం: నరం
- అరికాలి వంపు నడుమ గట్టి గడ్డ: ఫైబ్రోమా (ఫేషియాలో పుట్టే, క్యాన్సర్ కాని గడ్డ)

ఎక్కువ నొప్పి ఉన్న చోట పెన్నుతో చుక్క పెట్టండి. జెల్ రాస్తే చెరిగిపోయేలా ఉంటే పక్కన చిన్న గీత గీయండి. స్కాన్‌లో కనిపించిన మార్పు ఆ చుక్క కింద ఉందా లేదా అన్నదే చివరికి తీర్పు చెబుతుంది.

నడుమునొప్పి కాలిలోకి దిగుతోందా అని కూడా అడగండి. నడుము దగ్గర నరం నొక్కుకున్నా మడమ నొప్పి రావచ్చు. ఆ నొప్పికి మడమలో ఏమీ కనపడదు.

3. గది, మెషీన్, కాలు

మనదేశంలో మడమ చూడటానికే కొన్న మెషీన్ అయినా 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భంలో లింగ నిర్ధారణని అడ్డుకునే చట్టం) కింద రిజిస్టరైన చోటే ఉండాలి. పోర్టబుల్ మెషీన్ ఉంది కదా అని క్యాంపుకి తీసుకెళ్లకండి.

- ప్రోబ్: లీనియర్. 10 నుంచి 15 మెగాహెర్ట్జ్ సరిపోతుంది. పొట్ట చూసే కర్వ్ ప్రోబ్‌తో ఈ పని కాదు.
- లోతు: 3 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. ఫోకస్ ఫేషియా ఉన్న లోతులో పెట్టండి.
- జెల్: పొట్టకి రాసేదానికంటే ఎక్కువ.

మన దగ్గర మెషీన్ కన్నా మడమ చర్మమే పెద్ద ఇబ్బంది. పొలంలో పని చేసేవాళ్ల, ఒట్టికాళ్లతో నడిచేవాళ్ల మడమలు దళసరిగా, పగుళ్లతో ఉంటాయి. అయ్యప్ప దీక్షలో 41 రోజులు చెప్పుల్లేకుండా నడిచి నొప్పితో వచ్చినవాళ్లదీ ఇదే పరిస్థితి. పగులులో గాలి ఉంటే శబ్దతరంగం లోపలికి పోదు, తెర మీద నిలువు నల్లచారలు పడతాయి. వాటిని ఫేషియా చిరుగులని పొరబడిన రిపోర్టులు చూశాను.

ఏం చెయ్యాలంటే: గోరువెచ్చటి నీళ్లలో కాలు పది నిమిషాలు నానబెట్టించి తుడిపించండి. పగుళ్లలోకి జెల్ వేలితో కూరినట్టు రాసి రెండు నిమిషాలు ఆగండి. అప్పటికీ బొమ్మ మసకగా ఉంటే ఫ్రీక్వెన్సీ కాస్త తగ్గించండి. పగుళ్లలో నెత్తురు, చీము ఉంటే మాత్రం నానబెట్టకండి. ప్రోబ్‌కి కవర్ తొడగండి.

4. పడుకోబెట్టే తీరు

బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు దాటి వేలాడేలా పెట్టాలి. పాదం కాలికి లంబంగా, 90 డిగ్రీల్లో ఉండాలి. మీ తొడతోనో రెండో చేత్తోనో వేళ్లకి ఆనించి ఆ కోణం నిలపండి.

బోర్లా పడుకోలేని పెద్దవాళ్లుంటారు. వాళ్లని కుర్చీ మీద మోకాళ్లు ఆనించి వెనక్కి తిరిగి ఉండమనవచ్చు, లేదా పక్కకి పడుకోబెట్టి చూడవచ్చు. ఏ భంగిమ అయినా రెండు కాళ్లకీ ఒకటే ఉండాలి.

5. నిలువు బొమ్మ, కొలత

ప్రోబ్‌ని మడమ కింద, నడిమి గీతకి కాస్త లోపలి వైపుగా, వేళ్ల వైపు చూసేలా నిలువునా పెట్టండి. ముందు ఎముక వెతకండి. తెల్లగా మెరిసే వంపు గీత, దాని వెనక నల్లటి నీడ. అది మడమ ఎముక. ఎముక కనిపించాక చర్మం నుంచి లోపలికి వరసగా లెక్కపెట్టండి: చర్మం, కొవ్వు దిండు, ఫేషియా, ఆ కింద ఎముక. వేళ్ల వైపు జరిగితే ఫేషియా వెనక ఎముక బదులు కండ ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న ఫేషియా పక్కపక్కనే పేర్చిన నారపోగుల్లా తెల్లటి గీతలతో, అంచులు స్పష్టంగా ఉంటుంది. జబ్బు పడితే ఉబ్బుతుంది, నల్లబడుతుంది, పోగులు కలిసిపోతాయి, అంచు చెదురుతుంది.

కొలత పద్ధతి:

- ఫేషియా మడమ ఎముకని వదిలి ముందుకి సాగే చోట, ఎముక ముందంచు దగ్గర కొలవండి.
- కర్సర్ గీత ఫేషియాకి లంబంగా ఉండాలి. తెరకి నిలువుగా ఉంటే చాలదు.
- పై కొవ్వునీ, కింది కండనీ కలపకండి.
- మూడుసార్లు కొలిచి సగటు రాయండి.
- ప్రోబ్ నొక్కకండి.

4 మిల్లీమీటర్లు దాటితే మందమైనట్టు లెక్క. 5, 6 కనిపించడం మామూలే. ఆ అంకె నొప్పి తీవ్రతని చెప్పదు. 7 ఉన్నా కుంటకుండా నడిచేవాళ్లున్నారు, 4.5 దగ్గరే అడుగు వెయ్యలేనివాళ్లున్నారు. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండానే ఫేషియా మందంగా ఉండొచ్చు. అందుకే మందం ఒక్కటే చూసి పేరు పెట్టకండి. నల్లబడటం, పోగులు చెదరడం, మీరు పెట్టిన చుక్క, ఇవన్నీ కలవాలి.

6. వాలిన ప్రోబ్ పుట్టించే అబద్ధపు జబ్బు

అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు ఇది. కొత్తలో నేనూ చేశాను.

ఫేషియా పోగులకి శబ్దతరంగం సూటిగా తగిలితేనే అది తెల్లగా కనిపిస్తుంది. ప్రోబ్ కొద్ది డిగ్రీలు వాలినా తరంగం పక్కకి పోయి, మంచి ఫేషియా కూడా నల్లగా కనిపిస్తుంది. దీన్నే యానైసోట్రోపీ అంటారు. ఫేషియా ఎముకకి అతుక్కునే చోట వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఈ మోసం ఎక్కువ. మనం జబ్బు వెతికే చోటూ అదే. నా తొలి ఏడాదిలో ఒక టీచరమ్మ మడమలో ఇలాంటి నల్లటి మచ్చ చూసి ఫేషియా పాక్షికంగా చిరిగిందని రాశాను. పెద్ద డాక్టరు గారు పక్కకొచ్చి ప్రోబ్ ఒక చివరని ఇంచుక ఎత్తారు. మచ్చ మాయమైంది. ఆవిడకి అప్పటికే కాలు కదపొద్దని చెప్పి పంపబోతున్నాం. ఆ రోజు నుంచి కింది మూడూ చెయ్యకుండా నల్ల మచ్చని నమ్మలేదు:

- ప్రోబ్‌ని ఒక చివర ఆనించి రెండో చివర ఎత్తుతూ దించుతూ ఊపండి. నలుపు తెలుపవుతుంటే అది మోసం. ఏ కోణంలోనూ మారకపోతే నిజం.
- 90 డిగ్రీలు తిప్పి అడ్డంగా చూడండి. నిజమైన మార్పు రెండు బొమ్మల్లోనూ ఉంటుంది.
- అదే కోణంలో రెండో కాలు చూడండి.

7. అడ్డు బొమ్మ

అడ్డంగా తిప్పి లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా మెల్లగా జరపండి. జబ్బు సాధారణంగా లోపలి, నడిమి భాగంలో ఉంటుంది. బయటి పాయ ఒక్కటే దెబ్బతినడం అరుదు.

8. డాప్లర్

పవర్ డాప్లర్ (రక్తప్రసరణని రంగులో చూపే పద్ధతి) పెట్టండి. తెర మీది రంగు పెట్టె చిన్నదిగా ఉండాలి. నెమ్మదిగా పారే రక్తం కూడా దొరికేలా పీఆర్ఎఫ్ (తరంగాలు పంపే వేగం), వాల్ ఫిల్టర్ (నెమ్మది కదలికల్ని వడకట్టేది) తక్కువగా ఉండాలి. రంగు చుక్కలు చిందరవందరగా మెరిసేదాకా గెయిన్ (సంకేతాన్ని పెంచే మీట) పెంచి, అవి ఆగేదాకా తగ్గించండి.

ఇప్పుడు పాదాన్ని బిగపట్టకండి, వేళ్లు వదిలెయ్యండి. ఫేషియా బిగుసుకుంటే సన్నటి రక్తనాళాలు అణగిపోతాయి. ప్రోబ్ బరువు కూడా జెల్ మీదే ఆనాలి. రంగు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. కనిపించనంత మాత్రాన జబ్బు లేదని కాదు, పాత నొప్పుల్లో తరచూ రంగు ఉండదు.

9. కదిలించి చూడటం

ఎంఆర్ఐకి లేని బలం ఇది. పేషెంటు బొటనవేలిని వెనక్కి వంచండి, ఫేషియా తీగలా బిగుస్తుంది. పూర్తిగా తెగి ఉంటే మధ్యలో ఖాళీ విచ్చుకుంటుంది, తెగిన కొసలు అలల్లా వంకర తిరుగుతాయి. తర్వాత అనుమానం ఉన్న చోట ప్రోబ్‌తోనే మెల్లగా నొక్కి "ఇదేనా అమ్మా ఆ నొప్పి?" అని అడగండి. "అదే, అదే" అంటే మీ బొమ్మకీ ఆవిడ బాధకీ ముడి పడినట్టు.

ఆ తర్వాత ప్రోబ్‌ని అరికాలి వంపు దాకా తీసుకెళ్లండి. చాలామంది మడమ దగ్గరే ఆపేస్తారు. ఫైబ్రోమా ఎముకకి దూరంగా, వంపు నడుమ, ఫేషియాకే అంటుకున్న నల్లటి కండెలా కనిపిస్తుంది.

10. ఫేషియా బాగుంటే ఎక్కడ చూడాలి?

కొవ్వు దిండు: నొప్పి నట్టనడుమ ఉండి, గట్టి నేల మీద ఒట్టికాళ్లతో ఎక్కువైతే దీన్ని అనుమానించండి. నొక్కకుండా ఒకసారి, నొక్కి ఒకసారి మందం కొలిచి రెండో మడమతో పోల్చండి. వయసు పైబడినవాళ్లలో, మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పలుమార్లు వేయించుకున్నవాళ్లలో ఇది పలచబడుతుంది.

మడమ వెనక: అకిలిస్ టెండన్‌ని నిలువుగా, అడ్డంగా చూడండి. ముందు నుంచి వెనకకి కొలిస్తే 6 మిల్లీమీటర్లు దాటడం మామూలు కాదు. టెండన్‌కీ ఎముకకీ మధ్య తిత్తిలో 2, 3 మిల్లీమీటర్ల నీరు సహజం, దాన్ని జబ్బుగా రాయకండి.

కీళ్లవాతం ఆనవాళ్లు: టెండన్ లేదా ఫేషియా అతుక్కునే చోట ఎముక అంచు కొరికినట్టు ఉండి, ఎముకని ఆనుకునే డాప్లర్ రంగు మెరిస్తే రుమటాలజిస్టుకి పంపండి. ముప్పై ఏళ్ల కుర్రాడికి రెండు మడమల్లో ఇలా ఉండి నడుము కూడా పట్టేస్తుంటే, మడమకి ఇంజెక్షన్ వేసి పంపడం అతని వెన్నుకి అన్యాయం చేసినట్టే.

నరం: చీలమండ లోపలి గిలక వెనక టిబియల్ నరాన్ని పట్టుకుని కిందికి వెంబడించండి. నీటి తిత్తి గానీ ఉబ్బిన సిర గానీ దాన్ని నొక్కుతోందా చూడండి. సిరల కోసం పేషెంటుని నిలబెట్టి కూడా చూడాలి. దాని నుంచి చీలి మడమ కిందుగా పోయే బ్యాక్స్‌టర్ నరం సన్నం. దాన్ని నేరుగా పట్టడం కష్టమైతే అది నడిపే కండని చూడండి. పాదం బయటి అంచున చిటికెనవేలి వైపు ఉండే కండ రెండో కాలికంటే చిక్కి, తెల్లబడి ఉంటే ఆ నరం నొక్కుకుందని అనుమానించాలి.

ఎముక: అల్ట్రాసౌండ్‌కి ఎముక పైపొరే కనిపిస్తుంది. పొర మీద నీరు, లేచిన చర్మంలా పైపొర ఎత్తుగా ఉండటం, గీతలో చిన్న మెట్టు, ఇవి పగులుని సూచిస్తాయి. ఇవేమీ లేవని పగులు లేదనకండి. కానిస్టేబుల్ ఎంపికల కోసం ఒక్కసారిగా పరుగు పెంచినవాళ్లలో, అదిమితే నొప్పి ఉంటే, తొలి వారాల్లో ఎక్స్‌రే కూడా మామూలుగా ఉండొచ్చు. వాళ్లకి ఎంఆర్ఐ రాయండి.

పిల్లలు: 8 నుంచి 14 ఏళ్ల మధ్య మడమ వెనక ఎముక ఇంకా అతుక్కోదు, ముక్కగా కనిపిస్తుంది. అది విరిగిన ఎముక కాదు.

ముల్లు: ఈత ముల్లు, తుమ్మ ముల్లు, వెదురు పేడు ఎక్స్‌రేలో కనపడవు. అల్ట్రాసౌండ్‌లో తెల్లటి గీతగా, కొన్ని రోజులు గడిస్తే చుట్టూ నల్లటి వలయంతో కనిపిస్తాయి. ప్రోబ్‌ని దానికి సమాంతరంగా తిప్పితేనే గీత పూర్తిగా దొరుకుతుంది. పొడవు, చర్మం నుంచి లోతు, ఏ దిక్కుకి వాలి ఉందో కొలిచి, చర్మం మీద గుర్తు పెట్టి పంపండి. తియ్యబోయే సర్జన్‌కి ఆ గుర్తే దారి.

11. రెండో మడమ

నొప్పి లేదని వదిలెయ్యకండి. 3.9, 4.2 లాంటి సరిహద్దు అంకెలొచ్చినప్పుడు తేల్చేది రెండో మడమే. అటువైపు 2.8 ఉంటే 4.2కి అర్థముంది. అటు కూడా 4.1 ఉండి, నల్లబడటం లేకపోతే నొప్పికి మరో కారణం వెతకాలి.

12. రిపోర్టు

"ప్లాంటర్ ఫేషియైటిస్" అని ఒక్క మాట రాసి పంపితే చికిత్స చేసేవాళ్లకి ఏమీ తెలియదు. ఇలా రాయవచ్చు:

"కుడి మడమ: ఎముక అతుకు దగ్గర ప్లాంటర్ ఫేషియా మందం 5.4 మి.మీ. (ఎడమ 3.1). లోపలి, నడిమి భాగం నల్లబడింది, పోగులు చెదిరాయి. చిరుగు లేదు. పవర్ డాప్లర్‌లో స్వల్పంగా రక్తప్రసరణ. ప్రోబ్‌తో నొక్కితే పేషెంటు చెప్పిన నొప్పే వచ్చింది. కొవ్వు దిండు, అకిలిస్ టెండన్, వెనక తిత్తి మామూలు. ఎముక మొన ఉంది."

ఎముక మొనని చివర్లో, ఉన్నది ఉన్నట్టు రాయండి. ముగింపు వాక్యంలోకి ఎక్కించకండి. పేషెంటుకి తెలుగులో విడమరిచి చెప్పండి: "ఎముక వల్ల కాదండీ, అరికాలి పట్టీ వాచింది. సమయం పడుతుంది గానీ తగ్గుతుంది."

పంపే ముందు సరిచూసుకోండి:

- నొప్పి చుక్క, స్కాన్ మార్పు ఒకే చోట ఉన్నాయా?
- నల్ల మచ్చని ఊపి, తిప్పి, రెండో కాలితో పోల్చి చూశానా?
- కొలత లంబంగా, మూడుసార్లు తీశానా?
- అరికాలి వంపు, మడమ వెనక భాగం చూశానా?
- కుడి, ఎడమ గుర్తులు బొమ్మల మీద సరిగా పడ్డాయా?

13. మళ్లీ స్కాన్ ఎప్పుడు?

నెల నెలా చేయించుకోమని చెప్పకండి. నొప్పి ముందు తగ్గుతుంది, మందం నెలల మీద నెమ్మదిగా దిగుతుంది. హాయిగా నడుస్తున్న మనిషికి 4.8 అని చూపించి మళ్లీ భయం పుట్టించాల్సిన పని లేదు. చికిత్స సరిగా సాగినా మూడు నెలలకి మార్పు లేకపోతేనో, ఇంజెక్షన్ తర్వాత ఉన్నట్టుండి అరికాలు కమిలి, వంపు చదునైతేనో మళ్లీ పిలవండి. రెండోది అయితే అదే రోజు పిలవండి, ఫేషియా తెగి ఉండొచ్చు.